గొయ్యికి మూడు వాయిదాలు

ధన్!

ప్రొక్లెయిన్ బకెట్ పళ్ళు నేలలోకి దిగుతాయి. ఆమె తలకి సరిగ్గా నాలుగడుగుల దూరంలో.

గట్టు అదురుతుంది. మట్టిపెళ్ళలు ఎగిరి, ఆమె కప్పుకున్న నల్ల ప్లాస్టిక్ షీటు మీద టపటపా పడతాయి.

ఆమె బోర్లా పడుకుని ఉంది. కదలదు. గొంతులో దుమ్ము గరగరమంటున్నా దగ్గదు.

మిట్టమధ్యాహ్నం. షీటు పెనంలా కాలుతోంది.

ఇలాంటి పనులు రాత్రిపూట చేస్తారని లోకం అనుకుంటుంది. లోకానికి ప్రెసిడెంట్ సంగతి తెలీదు. రాత్రి తవ్వాలంటే లైట్లు కావాలి. లైట్లకి జనరేటర్ కావాలి. జనరేటర్‌కి డీజిల్ కావాలి. సూర్యుడైతే ఊరికే వస్తాడు.

అందుకే పట్టపగలు శవాన్ని తవ్విస్తున్నాడు!

షీటుకి ఉన్న చిరుగులోంచి ఆమెకి గొయ్యి మొత్తం కనిపిస్తోంది. గొయ్యి పక్కన గొడుగు. గొడుగు కింద ప్రెసిడెంట్.

రైతుల సంఘానికి ప్రెసిడెంట్ ఆయన. ఎముకల గూడు లాంటి మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే దారం కట్టాడు... పదేళ్ళ కిందట. టీ పొడి మూడుసార్లు మరిగిస్తాడు. పెళ్ళి శుభలేఖల వెనకవైపు లెక్కలు రాసుకుంటాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలడని కొందర్ని అంటారు. ఈయనైతే, తోలిన కాకి దగ్గర కూడా ఏమైనా రాలుతుందేమోనని చూసే రకం.

ఆయన పొలంలో గింజ పండదు. పండేది సబ్సిడీ.

తోటకి సబ్సిడీ. గోదాముకి సబ్సిడీ. సోలార్ కంచెకి సబ్సిడీ. అరగంటకోసారి ఢామ్మని పేలి పిట్టల్ని తోలే గ్యాస్ ఫిరంగికి కూడా సబ్సిడీ. అన్నిటికీ గేటు దగ్గర వరసగా బోర్డులున్నాయి. మొన్న బస్సులోంచి చూసింది ఆమె. ఫిరంగి బోర్డు మీద నాలుగు పిట్టలు కూర్చుని ఉన్నాయి.

ఈ గొయ్యికీ సబ్సిడీయే. కాగితం మీద దీని పేరు నీటికుంట. లోతు పన్నెండడుగులు. డబ్బు మూడు వాయిదాలు. తవ్వినప్పుడొకటి, షీటు పరిచినప్పుడొకటి, నీళ్ళు నింపినప్పుడొకటి.

మూడో వాయిదా కాగితం మీద సంతకం ఎవరిది?

ఆమెదే.

ఆమెని అందరూ చెకింగమ్మ అంటారు. సబ్సిడీ ఆఫీసులో ఉద్యోగం. రైతు తవ్వానన్నది తవ్వాడా, కట్టానన్నది కట్టాడా అని పొలానికి వెళ్ళి కొలిచి, ఫోటో తీసి, సంతకం పెట్టాలి. ఆమెకి ముందు ఆ ఉద్యోగం ఆమె అన్నది. పద్నాలుగు నెలల కిందట ఒక పొద్దున కొలకర్ర భుజాన వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

లంచాలు మూటగట్టుకుని పారిపోయాడని ఆఫీసు రాసింది. పోలీసులు దాన్నే చూసి రాసుకున్నారు. పారిపోయినవాడి భార్యకి పెన్షను ఉండదు. వదిన ఇప్పుడు పక్క పొలంలో కోతకి వస్తోంది. వీధిలో ఆడవాళ్ళు వదినని చూసి మాట ఆపేస్తారు.

అన్న పారిపోలేదు. ఆమెకి తెలుసు. కంచం ముందు కూర్చున్నాక కూడా "నువ్వు తిన్నావా" అని అడగనిదే ముద్ద ఎత్తని మనిషి, పెళ్ళాన్ని అలా వదిలేసి పోడు.

అయినా ఆమె ఏం చేసింది? అన్న ఖాళీలో ఉద్యోగానికి చేరిన వారంలోనే టేబుల్ మీద నలభై ఫైళ్ళు. "చూసేదేముందమ్మా, పెట్టెయ్" అన్నాడు పక్క సీటు గుమాస్తా.

పెట్టేసింది. చూడకుండా!

మూడు నెలల తర్వాత ఏదో కాగితం కోసం అందులో ఒక ఫైలు తెరిచింది. మొదటి ఫోటో. కొత్తగా తవ్విన గొయ్యి. లోతు తెలియడానికి మధ్యలో నిలబెట్టిన కొలకర్ర. అడుగుకొక పట్టీ. ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు...

ఐదో పట్టీ ఆకుపచ్చ!

ఎర్ర రంగు అయిపోతే, ఇంటి గేటుకి వేయగా మిగిలిన ఆకుపచ్చ పూశాడు అన్న. రంగు డబ్బా పట్టుకున్నది తనే. ఫోటో మీద తేదీ, అన్న మాయమైన మర్నాడు.

ఆ రోజు ఆఫీసు బాత్రూంలో కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. సగం అన్న కోసం. సగం తన మీద తనకి పుట్టిన అసహ్యంతో.

చంపాడు. పూడ్చాడు. పూడ్చడానికి ఎలాగూ మిషను తెచ్చాం కదా అని, ఆ గొయ్యికి సబ్సిడీ పెట్టాడు. ఫోటోకి కొలకర్ర కొనడం దండగని, చచ్చినవాడి కర్రే నిలబెట్టాడు. కక్కుర్తికి కూడా ఒక హద్దుంటుందని ఆమె అప్పటిదాకా అనుకునేది.

"కర్రలు బోలెడుంటాయమ్మా," అన్నాడు ఫోటో చూసిన ఎస్సై. "శవం ఉంటే రండి."

సరే. శవం కావాలి.

మొన్న ప్రెసిడెంట్‌కి ఆఫీసు నోటీసు అందింది. గురువారం ఉదయం నీటికుంట లోతు తనిఖీ. పన్నెండడుగుల్లో ఒక్కటి తగ్గినా డబ్బంతా వడ్డీతో వెనక్కి, ఐదేళ్ళపాటు ఏ పథకమూ లేదు. నిజంగా ఉన్న లోతు ఆరడుగులు. ఆ ఆరడుగుల కింద ఎవరున్నారో ఆయనకి తెలుసు.

బుద్ధున్న హంతకుడు డబ్బు కట్టేసి నోరు మూసుకుంటాడు.

ఆ బుద్ధి ఈయనకి లేదని నమ్మి, ఆమె సెలవు పెట్టింది. నిన్న తెల్లవారకముందే గేటు సందులోంచి వచ్చి, గట్టు మీద పారేసిన ఈ షీటు కింద దూరింది. నిన్నంతా పడుకుంది. రాత్రి ఇంటికి పోయి, మళ్ళీ చీకటితోనే వచ్చి పడుకుంది.

ఇవాళ బుధవారం. నమ్మకం వమ్ము కాలేదు.

"కొంచెం ఎడమకి, అల్లుడుగారూ! నిదానంగా!" ప్రెసిడెంట్ కేక.

ప్రొక్లెయిన్ నడుపుతున్నది ఆయన అల్లుడు. ఆపరేటర్‌ని పెడితే గంటకింత ఇవ్వాలి. అల్లుడికైతే అన్నం పెడితే చాలు. "గారూ" మాత్రం ఎన్నడూ మానలేదు. మర్యాదకి ఖర్చు లేదు.

బకెట్ పైకి లేస్తుంది.

పళ్ళకి ఏదో వేలాడుతోంది... గుడ్డ సంచి. ఖాకీ రంగు. మట్టి కింద ఆఫీసు ముద్ర.

సంచి వెనకే ఒక చెప్పు జారి కింద పడుతుంది. మడమ దగ్గర టైరు ముక్క వేసి కుట్టించిన చెప్పు. ఆ కుట్టు ఆమెకి తెలుసు.

చెప్పు ఖాళీగా లేదు.

చున్నీ నోట్లో కుక్కుకుంటుంది ఆమె. పళ్ళు బిగిస్తుంది. ఒక్క నిమిషం అన్నా... ఒక్క నిమిషం ఆగు.

ఆఫీసు ఫోను తీస్తుంది. చెకింగ్ యాప్. ఫోటో మీద స్థలం, తేదీ, టైము వాటంతటవే పడతాయి. ఎవడూ మార్చలేడు. సిగ్నల్ తగిలిన క్షణం హెడ్డాఫీసుకి పోతుంది. ఇక్కడ సిగ్నల్ లేదు. కాలవ గట్టెక్కితే వస్తుంది. అక్కణ్ణుంచే వదినకి ఫోను. వదిన కోతవాళ్ళందర్నీ లేపుకుని వస్తుంది. అదీ అనుకున్నది.

"ఫోను మోగకపోతే?" అని నిన్న రాత్రి అడిగింది వదిన.

"మోగుతుంది వదినా."

వేలు బటన్ మీదకి వెళ్తుంది. పన్నెండూ నలభై ఎనిమిది.

సరిగ్గా అప్పుడే అల్లుడు ఆ చెప్పుని చూస్తాడు. అతని చెయ్యి దానంతటదే తాళంచెవి తిప్పేస్తుంది.

ఇంజన్ ఆగిపోతుంది.

ఆ నిశ్శబ్దంలో, నల్ల షీటు కిందనుంచి, తియ్యటి ఆడగొంతు గట్టిగా పలుకుతుంది.

"ఫోటో స్వీకరించబడింది. రైతే రాజు. ధన్యవాదాలు!"

ఆ యాప్‌కి నోరు నొక్కే ఏర్పాటు లేదు. ఎవరో మంత్రిగారి ముచ్చట!

రెండు తలలు గట్టు వైపు తిరుగుతాయి.

ఆమె కాలికి బుద్ధి చెప్తుంది.

"పట్టుకోండి, అల్లుడుగారూ!"

షీటు ఎగిరిపోతుంది. ఎండ కళ్ళలో కొడుతుంది. ఎటు? ఎటు పోవాలి?

గోదాము! గొయ్యికి ఉత్తరాన, ఎనభై అడుగుల పొడుగు, రెండు తలుపులు. ఫైల్లో ఉంది. ఇటు దూరి అటు పోవచ్చు. అటే పరుగెత్తుతుంది.

గోదాము లేదు!

నాలుగు మేకులు. మేకుల చుట్టూ సున్నంతో గీసిన గీత. గీత మీద గడ్డి.

వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. అల్లుడు కుర్రాడేం కాదు గానీ మనిషి దున్నలా ఉంటాడు.

తోట! గోదాము వెనక నాలుగు వందల చెట్లు, మూడేళ్ళ వయసు, తలెత్తు పొడుగు. దాక్కోవచ్చు.

తోట లేదు!

ఎండిన పుల్లలు వరసగా. ఒక్కొక్క పుల్లకి ఒక నంబరు బిళ్ళ. మేక కూడా దాక్కోలేదు అక్కడ.

గోదాముకి ఎవరు సంతకం పెట్టారు? తోటకి ఎవరు పెట్టారు? ఆ నలభై ఫైళ్ళు... ఆమె దాక్కోవాల్సిన చోటల్లా ఆమె చేత్తోనే మాయమైంది. ఏడుపు రాదు. నవ్వు వస్తుంది. బుద్ధి లేనిదానా, పరుగెత్తు!

దిగువన కంచె. కంచె అవతల ఎండిన కాలవ. కాలవ అవతల పక్క పొలంలో కోత. నూర్పిడి మిషను హోరు ఇక్కడిదాకా వినిపిస్తోంది. చీమల్లా మనుషులు. అందులో పసుపు తలగుడ్డ ఒకటి.

"వదినా!"

మిషను హోరులో ఆ కేక ఆమెకే సరిగా వినపడదు.

సోలార్ కంచె. ఐదు తీగలు. ముట్టుకుంటే మనిషి ఎగిరి పడతాడని బోర్డు.

తీగ మీద ప్రెసిడెంట్ పంచె ఆరేసి ఉంది.

ఆమె రెండు చేతులతో తీగలు పట్టుకుని విడదీస్తుంది. ఏమీ కాదు. తల దూరుస్తుంది, భుజం దూరుస్తుంది...

"అమ్మో, కరెంటు!" వెనక అల్లుడు ఠక్కున ఆగిపోతాడు. "మామయ్యా, కరెంటు ఉంది!"

మామ అతన్ని కూడా ఆ కంచె నిజమని నమ్మించాడు.

సగం బయటపడింది. ఇంకొంచెం. చున్నీ తీగ ముడికి పట్టుకుంది. లాగుతుంది. రాదు. చున్నీ వదిలెయ్...

"ఆగమ్మా."

చెవి పక్కనే. నెమ్మదిగా.

తుపాకీ గొట్టం ఆమె మెడని తాకుతుంది.

ప్రెసిడెంట్ మోపెడ్ మీద కూర్చుని ఉన్నాడు. పైనుంచి వాలులో, ఇంజన్ కట్టేసి దొర్లించుకుంటూ వచ్చాడు. పెట్రోలు మిగులుతుందని రోజూ అలాగే వస్తాడు. అందుకే వినపడలేదు!

"కరెంటు లేదు లెండి, అల్లుడుగారూ," అంటాడు విసుగ్గా. "బయటికి లాగండి."

అడవిపందుల కోసం లైసెన్సు తీసుకున్న తుపాకీ అది. రెండు గొట్టాలు. మడత విప్పి, జేబులోంచి ఒక తూటా తీసి, ఒక గొట్టంలో పెడతాడు. రెండోది ఖాళీగానే మూసేస్తాడు.

"ఒక పందికి ఒకటి చాలు," అంటాడు.

ఆమె కుర్తా జేబులోంచి ఫోను లాక్కుంటాడు. పగలగొడతాడనుకుంటుంది. ఊహూఁ. ఊది, పంచె అంచుతో తుడిచి, సిమ్ము మాత్రం తీసి పారేసి, చొక్కా జేబులో పెట్టుకుంటాడు. మంచి ఫోను మరి.

"నడు. గొయ్యి ఎలాగూ తవ్వేశాం."

మళ్ళీ గట్టు మీదకి.

ఆ పొలంలో ఎత్తయిన చోటు అదొక్కటే. అక్కణ్ణుంచి పక్క పొలం అరచేతిలోలా కనిపిస్తుంది. పసుపు తలగుడ్డ వంగుతోంది, లేస్తోంది, వంగుతోంది. ఇటు చూడదు. ఎందుకు చూస్తుంది? ఫోను మోగలేదుగా.

కింద గొయ్యిలో అన్న. సగం మట్టిలో.

అల్లుడు మళ్ళీ ప్రొక్లెయిన్ ఎక్కి ఇంజన్ వేశాడు.

ఆమె ఎండ వైపు చూస్తుంది. నిన్న సరిగ్గా ఒంటిగంటకి నూర్పిడి మిషను ఆగింది. తిండికి. ఇవాళా ఆగుతుంది. ఇంకా ఎంత? ఐదు నిమిషాలా? ఏడా? అప్పటిదాకా బతకాలి. మాట్లాడాలి.

"మా అన్నకి ఎంత ఇస్తానన్నారు, ప్రెసిడెంట్ గారూ?"

"ఇవ్వడమేంటి?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోతాడు. "అడిగుంటే బేరమాడేవాణ్ణి. అడగలేదే! గోదాము లేదు, తోట లేదు అని రాసేస్తానన్నాడు. బతిమాలాను. వినలేదు. అటు తిరిగి రాసుకుంటున్నాడు. నా చేతిలో పార ఉంది."

పాలవాడి లెక్క చెప్పినంత తాపీగా చెప్తాడు. ఈ మనిషి కోపంతో చంపలేదు, భయంతో చంపలేదు. చేతిలో పార ఉంది కాబట్టి చంపాడు.

మిషను హోరు ఆగలేదు.

ఇంకా మాట్లాడాలి.

"అల్లుడుగారూ!" ఆమె ప్రొక్లెయిన్ వైపు తిరిగి గొంతు చించుకుంటుంది. "ఈ కుంట ఎవరి పేరు మీద ఉందో తెలుసా?"

"నోరు ముయ్యి," అంటాడు ప్రెసిడెంట్.

"ఒక రైతుకి ఒకటే కుంట. రూలు. మీ మామయ్య పేరు మీద ఒకటి, అత్తయ్య పేరు మీద ఒకటి, మీ ఆవిడ పేరు మీద ఒకటి అయిపోయాయి. ఇది నాలుగోది. దరఖాస్తు మీద సంతకం మీది."

అల్లుడు తల బయట పెడతాడు. "ఏంటీ?"

ఇంజన్ మోతలో వినపడలేదు. కట్టేస్తాడు.

"గొయ్యి మీది! తవ్వింది మీరు. డబ్బు పడింది మీ ఖాతాలో. రేపు పోలీసులు అడిగేది మిమ్మల్ని!"

"నా ఖాతాలోనా?" అల్లుడు దిగి వస్తాడు. నోట్లో వేలు పెడితే కొరకలేనివాడి మొహం అది. ఇవాళే మొదటిసారి లెక్క కడుతోంది. "నాకు చిల్లిగవ్వ ఇవ్వలేదే! మామయ్యా?"

"ఇప్పుడా, అల్లుడుగారూ, ఆ గొడవ?"

"ఆ రోజు మట్టి చదును చెయ్యమన్నారు. చేశాను. కింద మనిషున్నాడని చెప్పారా?"

"చెప్తే చేసేవాడివా? ఎక్కరా వెధవా మిషను!"

గారూ పోయింది. అల్లుడు ఎక్కడు. గొయ్యి అంచున చతికిలబడి, చెప్పు వైపు చూస్తూ కూర్చుంటాడు.

అప్పుడు...

కాలవ అవతల హోరు సన్నబడుతుంది. గరగరమంటుంది. ఆగిపోతుంది.

ఒంటిగంట!

పొలమంతా నిశ్శబ్దం. పిట్ట రెక్క కొట్టినా వినిపిస్తుంది.

ఇప్పుడు అరవచ్చు. కానీ అరకిలోమీటరు. ఎదురుగాలి. అరుపుకి ఎవడూ కంచం దగ్గర్నుంచి లేవడు. ఒక్క అరుపుకే ఆయన కాల్చేస్తాడు...

కాల్చేస్తాడు.

ఆమెకి అప్పుడు తడుతుంది.

"ప్రెసిడెంట్ గారూ. రేపు తనిఖీకి ఎవరూ రారు."

"నోటీసు వచ్చిందిగా."

"ఆ నోటీసు నేనే టైపు చేశాను. స్టాంపు నేనే వేశాను. నీ గొయ్యి ఎంత లోతుందో అడిగినవాడు లేడు. నీ అంతట నువ్వే మిషను తెచ్చి తవ్వుకున్నావు."

దారం కట్టిన కళ్ళజోడు ఆయన ముక్కు మీదకి జారుతుంది.

"మరి..." అంటాడు చివరికి. "మరి ఈ డీజిలు?"

ఆమెకి నవ్వు ఆగదు. పద్నాలుగు నెలల తర్వాత మొదటిసారి నవ్వుతుంది, గట్టిగా, గొయ్యిలో ఉన్న అన్నకి కూడా వినపడేంత గట్టిగా.

ఆయన మొహం నల్లబడుతుంది. తుపాకీ ఎత్తుతాడు.

"నవ్వు. ఎవరు వస్తారనుకుంటున్నావ్? అరగంటకోసారి ఇక్కడ ఫిరంగి పేలుతుంది. అందరికీ తెలుసు. బోర్డు ఉంది. మోత వింటే, ప్రెసిడెంట్‌గారి ఫిరంగి అనుకుని అన్నం కలుపుకుంటారు."

ఆమె ఆయన కళ్ళలోకి చూస్తుంది.

నమ్ముతున్నాడు!

ఆరేళ్ళుగా దాని పేరు చెప్పి ఏటేటా మరమ్మతుకని కూడా డబ్బు తీసుకున్నాడు. ఆరేళ్ళుగా కాగితాల్లో రోజూ పేల్చాడు. పేల్చీ పేల్చీ, లేదన్న సంగతే మర్చిపోయాడు. ఆమె రెండు రోజులు ఈ షీటు కింద పడుకుంది. ఒక్కసారి కూడా ఏదీ పేలలేదు.

ఆ మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తుంది. చెప్తే కాల్చడు. పారతో కొడతాడు, చప్పుడు కాకుండా. అన్నని కొట్టినట్టే.

కాల్చాలి. వీడి చేత కాల్పించాలి.

"తూటా ఎందుకు దండగ?" అంటుంది. "రాయి పెట్టి కొట్టు. ఊరికే వస్తుంది."

"ఏయ్..."

"అల్లుడికి చిల్లిగవ్వ ఇవ్వనివాడివి, నాకు తూటా ఇస్తావా? నీకు అంత చెయ్యి ఎక్కడిది? పిల్లకి పెళ్ళి భోజనాలు పెట్టాల్సి వస్తే మధ్యలో లెక్క చూసి ఆకులెత్తించావంట కదా. సంఘంలో అందరూ చెప్పుకుని నవ్వుతారు. మొహం మీద ప్రెసిడెంట్ గారూ... వెనక ఏమంటారో చెప్పనా?"

"చెప్పకు."

"ముష్టి ప్రెసిడెంట్ అంటారు."

ఆయన వేలు బిగుస్తుంది. ఆ తూటా ధర ఆయన మొహంలో ఒక్క క్షణం కదులుతుంది... ఆమె చూస్తుంది... ధర ఓడిపోతుంది.

ఆమె పక్కకి దూకుతుంది.

ఢాం!

ఎడమ భుజం మీద నిప్పు పోసినట్టవుతుంది. ఆకాశం తిరుగుతుంది. గొయ్యిలోకి కాదు, గట్టు మీదే పడుతుంది. చెంప కింద వేడి మట్టి.

మోత కాలవ దాటుతుంది. పక్క పొలం దాటుతుంది. ఎక్కడో తగిలి తిరిగి వస్తుంది. ప్రెసిడెంట్ పొలంలోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేస్తాయి. గేటు బోర్డు మీదవి కూడా.

ఆమె కళ్ళు తెరిచి అటే చూస్తోంది.

అవతల ఒక తల లేస్తుంది. ఇంకొకటి. పది. నలభై. అన్నీ గట్టు వైపే తిరుగుతాయి. గట్టు మీద తుపాకీతో నిలబడ్డ మనిషి. కాళ్ళ దగ్గర పడి ఉన్న మనిషి. పక్కన నోరు తెరుచుకున్న గొయ్యి.

"ఏం లేదు!" ప్రెసిడెంట్ చెయ్యెత్తి ఊపుతాడు. గొంతు చీలిపోతుంది. "ఫిరంగి! మన ఫిరంగే! పిట్టలకి!"

ఒక్కరూ కంచం వైపు తిరగరు.

పట్టపగలు తుపాకీ పేలితే జనం వస్తారు. సాయానికో, చూడ్డానికో, ఆమెకి అనవసరం. ఆమెకి కావలసింది చూసేవాళ్ళే. ఇన్నాళ్ళూ ఈ పొలాన్ని చూసినవాళ్ళు లేరు.

అందరికంటే ముందు పసుపు తలగుడ్డ పరుగెడుతోంది. చేతిలో కొడవలి. కాలవలోకి దూకి, మళ్ళీ ఇటు గట్టెక్కుతోంది.

అల్లుడు రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు. ఎవరూ అడక్కుండానే.

"వచ్చేస్తోంది అన్నా," అంటుంది ఆమె మట్టిలోకి. "వదిన వస్తోంది."

ప్రెసిడెంట్ కిందకి చూస్తాడు. గొట్టం ఆమె తలకి ఆనిస్తాడు. రెండో ట్రిగ్గర్ నొక్కుతాడు.

టిక్.

మళ్ళీ నొక్కుతాడు.

టిక్.

రెండో గొట్టంలో తూటా లేదు. దండగని పెట్టలేదు.